డ్రూయిడ్ అంటే అడవిలో తిరిగే మాంత్రికుడేనా? ఫాంటసీ రాస్తున్నవారికి ఒక సమాధానం

మీరు అడిగింది ఇది. తెలుగులో ఒక ఫాంటసీ నవల మొదలుపెట్టారు. అందులో ఒక డ్రూయిడ్ ఉన్నాడు. ఆకుపచ్చ అంగీ, చేతికర్ర, చెట్లతో మాటలు, అవసరం పడితే ఎలుగుబంటిగా మారిపోవడం. ఇదంతా మీరు వీడియో గేముల్లో చూసి ఇష్టపడినదే. మీ స్నేహితుడొకరు చదివి, అసలు డ్రూయిడ్లు మనుషుల్ని బలిచ్చే పూజారులని అన్నారు. అప్పటి నుంచి మీకు టెన్షన్ పట్టుకుంది. ఏది నిజం, నరబలి సీన్ పెట్టాలా వద్దా, ఇంత గొడవ లేకుండా మన ఋషినే పెట్టి పేరు మార్చేస్తే సరిపోదా అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లో, మాంచెస్టర్ దగ్గర ఉంటున్నాను. డ్రూయిడ్లు పుట్టిన పాత కెల్టుల గురించి, అంటే రోమన్ల కాలంలో గాల్ (నేటి ఫ్రాన్స్), బ్రిటన్, ఐర్లండ్‌లలో ఉన్న జనాల గురించి చదవడం, సెలవు దొరికితే ఆ చోట్లకు వెళ్లి చూడడం నాకు అలవాటు. ఫాంటసీ కథలు రాస్తాను, కొత్తగా రాసేవాళ్ల రాతప్రతులు చదివి అభిప్రాయం చెబుతుంటాను. వాటిలో డ్రూయిడ్ కనిపించిన ప్రతిసారీ నాకు ఒక లోటు కనిపిస్తుంది. అతని చేతిలో ఆకులుంటాయి, మెరుపులుంటాయి, నోట్లో మాత్రం మాట ఉండదు. అసలు డ్రూయిడ్ బలమంతా నోట్లోనే ఉండేది. అది పట్టుకుంటే మీ పాత్ర నిలబడుతుంది.

ముందు పేరు చూద్దాం. ‘డ్రూయిడ్’లో రెండు ముక్కలున్నాయని భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది అంటారు. ఒకటి ‘ద్రు’, అంటే చెట్టు, ముఖ్యంగా ఓక్ చెట్టు. రెండోది ‘విద్’, అంటే తెలుసుకోవడం. ఇవి మనకు తెలియనివి కావు. సంస్కృతంలోని దారువు, ద్రుమం మొదటిదానికి చుట్టాలు. విద్య, వేదం రెండోదానికి. కొందరు మొదటి ముక్కకు ‘గట్టి’ అనే అర్థం చెబుతారు, అప్పుడు డ్రూయిడ్ అంటే బాగా తెలిసినవాడు అవుతాడు. ఎలా చూసినా ఆ పేరులో ఉన్నది తెలివిడే. ఈ పోలికను పట్టుకుని డ్రూయిడ్లు మన దేశం నుంచే వెళ్లారని రాసేవాళ్లున్నారు. దయచేసి ఆ దారి పట్టకండి. ఒకే మూలభాష నుంచి విడిపోయిన రెండు శాఖల్లో ఒకే ధాతువు మిగలడం వేరు, మనుషులు వలసపోవడం వేరు.

వాళ్ల గురించి అందరికంటే నిండుగా రాసినవాడు వాళ్ల దేశాన్ని ఆక్రమించిన జూలియస్ సీజర్. క్రీ.పూ. 58 నుంచి 50 వరకు గాల్ దేశంలో, అంటే దాదాపు నేటి ఫ్రాన్స్‌లో, యుద్ధాలు చేస్తూ తన దండయాత్రల కథ తానే రాసుకున్నాడు. అందులో ఆరో భాగంలో కొన్ని పేరాలు డ్రూయిడ్లకు ఇచ్చాడు. గాల్‌లో లెక్కలోకి వచ్చే వర్గాలు రెండే అంటాడు: ఒకటి డ్రూయిడ్లు, రెండు గుర్రాలెక్కే యోధులు. డ్రూయిడ్లు యుద్ధానికి వెళ్లనక్కరలేదు, పన్ను కట్టనక్కరలేదు. బలులు, పూజలు వాళ్ల చేతిమీదుగానే జరగాలి. అయితే సీజర్ చాలా వివరంగా చెప్పింది తీర్పుల గురించి. హత్య జరిగినా, ఆస్తి పంపకంలో పేచీ వచ్చినా, పొలం గట్టు తగాదా వచ్చినా తగవు తీర్చేది డ్రూయిడ్లే. ఇంత ఇవ్వాలి, ఇంత పుచ్చుకోవాలి అని తేల్చేదీ వాళ్లే.

తీర్పు వినకపోతే? కొరడాలు లేవు, జైలు లేదు. ఆ మనిషిని బలులకు రానివ్వరు. అంతే. కానీ అంతకంటే పెద్ద శిక్ష వాళ్లకు లేదని సీజర్ రాశాడు. అలాంటివాడు ఎదురైతే జనం పక్కకు తప్పుకునేవాళ్లు, మాట్లాడితే కీడు అంటుతుందని భయపడేవాళ్లు. అతనికి అన్యాయం జరిగినా తీర్పు చెప్పేవాళ్లుండరు, ఏ గౌరవమూ దక్కదు. దీనికి మన భాషలో అచ్చంగా సరిపోయే మాట ఉంది: వెలి. మన పల్లెల్లో వెలివేయడం అంటే ఏమిటో పెద్దవాళ్లను అడగండి. నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, పెళ్లికి పిలవరు, చావుకు రారు. ఇది తెలుగు పాఠకుడికి ఒక్క వాక్యంలో అర్థమవుతుంది, ఒళ్లు జలదరిస్తుంది. మీ డ్రూయిడ్ ఒక రాజును వెలివేశాడనుకోండి. మరునాటి ఉదయం ఆ రాజు గుర్రానికి జీను వేసేవాడు ఉండడు. ఏ ఎలుగుబంటి ఇంత పని చేయగలదు?

రెండో సంగతి చదువు. ఒక్కొక్కరు ఇరవై ఏళ్ల దాకా గురువు దగ్గర ఉండిపోయేవాళ్లట. లెక్కలేనన్ని పద్యాలు వల్లె వేయాలి. రాసుకోవడం తప్పు. అక్షరాలు రాక కాదు. మామూలు లెక్కలకూ వ్యవహారాలకూ వాళ్లు గ్రీకు అక్షరాలు వాడేవాళ్లని సీజరే చెప్పాడు. ఎందుకు రాయరో తనకు తోచిన కారణాలు రెండు చెప్పాడు: విద్య నలుగురి నోళ్లలో పడకూడదని, రాతమీద భరోసా పెట్టుకుంటే జ్ఞాపకశక్తి మొద్దుబారుతుందని. మన వేదపాఠశాలల్లో ఘనపాఠి కావడానికి పడే కష్టం చూసినవాళ్లకు ఇది వింతగా ఉండదు. కానీ ఒక పెద్ద తేడా ఉంది, నేను దీన్ని తలుచుకున్నప్పుడల్లా బాధపడతాను. మన దగ్గర ఆ నోటి గొలుసు తెగలేదు. అక్కడ తెగింది. డ్రూయిడ్లు ఇరవై ఏళ్లు వల్లె వేసిన ఆ పద్యాల్లో ఈరోజు ఒక్క పాదం కూడా మిగల్లేదు. వాళ్లను గురించి మనకు తెలిసిందంతా పరాయివాళ్లు చెప్పిందే.

నవల రాసేవాళ్లకు ఇక్కడే అసలు సంపద ఉంది. ఫాంటసీలో మంత్రశక్తికి ఒక ఖరీదు ఉండాలని అందరూ చెబుతారు. ఇక్కడ ఖరీదు ఇరవై ఏళ్ల యవ్వనం. పదేళ్ల పిల్లవాడు చేరితే బయటికి వచ్చేసరికి ముప్పై. ఒక ముసలి డ్రూయిడ్ మధ్యలో పోతే ఎవరి పొలం ఎక్కడిదాకా ఉందో, ఏ కులపెద్దకు ఏ తెగ ఎన్ని పశువులు బాకీ ఉందో చెప్పేవాళ్లు ఉండరు. శత్రువు కోటను కాల్చనక్కరలేదు, నలుగురు ముసలివాళ్లను చంపితే చాలు.

సీజర్ రాతలో ఒక మౌనం ఉంది. ఆ ఒక్క వర్ణన తప్పితే యుద్ధకథ మొత్తంలో డ్రూయిడ్ అన్న మనిషి ఎక్కడా కనిపించడు. కానీ సీజర్ పక్కనే ఒక డ్రూయిడ్ ఉన్నాడు. అతని పేరు దివిసియాకస్, ఈడుయి అనే తెగ పెద్ద, సీజర్‌కు నమ్మకమైన మిత్రుడు. అతను డ్రూయిడ్ అని సీజర్ ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ సంగతి మనకు అదే కాలపు రోమన్ రచయిత, రాజకీయవేత్త సిసిరో వల్ల తెలిసింది. శకునాల మీద రాసిన గ్రంథంలో, దివిసియాకస్ తనకు తెలుసని, అతను ప్రకృతి శాస్త్రం తెలిసినవాడినని చెప్పుకునేవాడని, కొంత శకునాలతో, కొంత ఊహతో జరగబోయేది చెప్పేవాడని సిసిరో రాశాడు. చరిత్రలో పేరుతో, ఊరుతో, బంధువులతో సహా మనకు బాగా తెలిసిన డ్రూయిడ్ ఇతనే. అడవిలో గడ్డం పెంచుకుని కూర్చున్నవాడు కాదు. తన తెగకు సాయం అడగడానికి రోమ్ దాకా వెళ్లిన రాజకీయవేత్త.

ఇతనికి ఒక తమ్ముడున్నాడు, డమ్నోరిక్స్. డబ్బు, గుర్రపు దండు, జనంలో పలుకుబడి ఉన్నవాడు, రోమన్లంటే పడదు. క్రీ.పూ. 58లో అతను సీజర్ సైన్యానికి ధాన్యం అందకుండా చేస్తున్నాడని బయటపడింది. సీజర్ అన్నను ముందుగా పిలిచి చెప్పాడు. దివిసియాకస్ కన్నీళ్లు పెట్టుకుని తమ్ముణ్ణి వదిలేయమని బతిమాలాడు. తమ్ముడు పైకి వచ్చింది తన సాయంతోనేనని, ఇప్పుడు అతనికి ఏమైనా జరిగితే తనే చేయించానని గాల్ అంతా అనుకుంటుందని అన్నాడు. సీజర్ అతని చేయి పట్టుకుని ఓదార్చాడు, తమ్ముణ్ణి ఆ ఒక్కసారికి వదిలేశాడు. నాలుగేళ్ల తర్వాత, క్రీ.పూ. 54లో, సీజర్ బ్రిటన్ మీదికి వెళుతూ డమ్నోరిక్స్‌నూ రమ్మన్నాడు. సముద్రమంటే భయమన్నాడు, తన మతనియమాలు అడ్డొస్తున్నాయన్నాడు, చివరికి గుర్రాలతో తప్పించుకుని పోయాడు. వెంటాడి చంపారు. చనిపోతూ, తను స్వతంత్రుణ్ణని, స్వతంత్ర దేశపు మనిషినని పదేపదే అరిచాడట. అప్పటికి అన్న ఏమయ్యాడో సీజర్ చెప్పలేదు.

అన్న డ్రూయిడ్, తెగను బతికించుకోవడానికి ఆక్రమించినవాడితో చేయి కలిపాడు. తమ్ముడు యోధుడు, లొంగక చచ్చాడు. ఇద్దరిలో ఎవరిది తప్పు? ఇంత కథ చరిత్రలో పడి ఉండగా ఎలుగుబంట్ల కోసం వెతుక్కోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు మీరు ఇష్టపడిన ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం, దానికీ మూలాలున్నాయి. తెల్ల బట్టలు, బంగారు కొడవలి మొత్తం ఒక్క రోమన్ రచయిత నుంచి వచ్చాయి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయిన ప్లినీ అతను. ఓక్ చెట్టు మీద పెరిగే మిసిల్‌టో అనే మొక్క డ్రూయిడ్లకు అన్నిటికంటే పవిత్రమని రాశాడు. అమావాస్య దాటిన ఆరో రోజున చెట్టు కింద విందుకు, బలికి ఏర్పాట్లు చేస్తారు. రెండు తెల్ల ఎద్దులను తెస్తారు. తెల్ల బట్టలు కట్టుకున్న పూజారి చెట్టెక్కి బంగారు కొడవలితో దాన్ని కోస్తాడు, కింద తెల్లని వస్త్రంలో పట్టుకుంటారు. దాన్ని కలిపి తాగిస్తే గొడ్డుపోయిన పశువులు కూడా ఈనుతాయని, అన్ని విషాలకూ విరుగుడని నమ్మేవాళ్లు.

మిసిల్‌టో అంటే ఏమిటో తెలుగువాళ్లకు చెప్పడం సులువు. మామిడి కొమ్మల మీద మొలిచి, చెట్టు సారం పీల్చుకుని బతికే బదనిక తెలుసు కదా, అలాంటి మొక్కే. జాతి వేరు, బతికే తీరు ఒకటే. మన దగ్గర కూడా ఫలానా నక్షత్రం ఉన్న రోజు ఫలానా చెట్టు బదనిక తేవాలనే నమ్మకాలున్నాయి. నేల తాకకుండా, చలికాలంలో చెట్టంతా మోడైనా తాను పచ్చగా ఉండే మొక్క ఎక్కడైనా మనిషిని ఆశ్చర్యపరుస్తుంది. ఓక్ మీద అది చాలా అరుదు; ఆపిల్, పాప్లర్ చెట్ల మీద ఎక్కువ. అందుకే దొరికినప్పుడు అంత పండుగ. మీ నవలలో ‘బదనిక’ అనే రాయండి, మిసిల్‌టో అని రాస్తే పాఠకుడికి ఏమీ కనబడదు. బంగారం మెత్తని లోహం కాబట్టి అది నిజానికి పూత పూసిన కంచు కొడవలి అయి ఉంటుందని చాలామంది అంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

గేముల్లో డ్రూయిడ్ ఇనుప కవచం వేసుకోకూడదన్న నియమం చూసే ఉంటారు. దీని ఛాయ కూడా ప్లినీలో కనిపిస్తుంది. సెలాగో అనే మొక్కను ఇనుము తగలకుండా కోయాలట. కుడి చేతిని ఎడమ చొక్కాచేతిలోంచి బయటికి పెట్టి, దొంగతనం చేస్తున్నట్టు తెంపాలి. తెల్లబట్టలు కట్టుకోవాలి, కాళ్లు కడుక్కుని వట్టి పాదాలతో వెళ్లాలి, ముందు రొట్టె, ద్రాక్షసారా నైవేద్యం పెట్టాలి. ఎంత చక్కని వివరమో చూడండి, ఒక పేజీ సీన్ దానంతటదే తయారవుతుంది. కానీ అది ఒక మొక్కకు సంబంధించిన నియమం. మొత్తం మీద కెల్టులు ఇనుము పనిలో ఆరితేరినవాళ్లు, గొలుసు కవచం గాల్ వాళ్లు కనిపెట్టిందని రోమన్లే చెప్పుకున్నారు. వాళ్లు అడవిని కొట్టి గోధుమ, బార్లీ పండించిన రైతులు కూడా. ఊరి నుంచి, లోహం నుంచి పారిపోయి అడవిని కాపాడే డ్రూయిడ్ చాలామటుకు 18, 19వ శతాబ్దాల కవుల ఊహ.

జంతువుగా మారడం? క్రీ.శ. 40ల నాటి పొంపోనియస్ మేలా అనే భూగోళ రచయిత, ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో ఉన్న సేన ద్వీపంలో తొమ్మిదిమంది కన్య పూజారిణులు ఉండేవారని, పాటలతో గాలులను లేపేవారని, కోరిన జంతువుగా మారగలరని రాశాడు. వాళ్లను డ్రూయిడ్లు అనలేదు. తర్వాతి కాలం అందరినీ కలిపేసింది. 1975లో, పాత్రలు ధరించి కథలా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటలోకి డ్రూయిడ్ మొదట శత్రువుగా వచ్చాడు, 1976లో ఆటగాళ్లు ఎంచుకునే పాత్ర అయ్యాడు. బదనిక, కొడవలి, జంతురూపం అన్నీ అక్కడ ఒకచోట చేరాయి. ఇప్పుడు మీరు ఆడే గేములన్నిటిలోనూ ఉన్నది ఆ వంశమే. ఒక్క సంగతి మాత్రం నాకు ముచ్చటేస్తుంది. 1978 నాటి నియమాల్లో ఆ ఆటలో పై మెట్టు ఎక్కాలంటే అక్కడున్న డ్రూయిడ్‌ను పోరులో ఓడించాలి. డ్రూయిడ్లందరికీ ఒక పెద్ద ఉంటాడని, అతను పోతే ఓట్లతో ఇంకొకరిని ఎన్నుకుంటారని, ఒక్కోసారి ఆయుధాలతో కూడా తేల్చుకుంటారని సీజర్ రాసిన మాట అందులో వినిపిస్తుంది.

మీకు నిజంగా మంత్రాలే కావాలంటే ఐర్లండ్‌కు వెళ్లండి. రోమన్లు ఆ ద్వీపాన్ని ఎప్పుడూ జయించలేదు, కాబట్టి డ్రూయిడ్లు క్రైస్తవం వచ్చేదాకా నిలిచారు. వాళ్ల కథలు రాసింది క్రైస్తవ సన్యాసులు, అది మరవకూడదు. అయినా ఆ కథల్లో మాట బలం ఎంతదో చూడండి. అల్‌స్టర్ రాజ్యంలో ఒక నియమం ఉండేదట: రాజు మాట్లాడక ముందు ప్రజలు మాట్లాడకూడదు, డ్రూయిడ్లు మాట్లాడక ముందు రాజు మాట్లాడకూడదు. సభలో ఏదో కేక వినిపించింది, అందరూ బిగుసుకుని ఉన్నారు, రాజు పెదవి కదపడానికి లేదు, ముసలి డ్రూయిడ్ ఇంకా ఆలోచిస్తున్నాడు. ఈ నిశ్శబ్దాన్ని రాయండి.

అక్కడే కాథ్‌బద్ అనే డ్రూయిడ్ కథ ఉంది. ఈరోజు దేనికి మంచిదని ఒక శిష్యుడు అడిగాడు. ఈరోజు ఆయుధం పట్టినవాడి పేరు ఎప్పటికీ నిలుస్తుంది, ఆయుష్షు మాత్రం కొంచెమే అన్నాడు గురువు. అవతల ఉన్న ఏడేళ్ల కూ హులిన్, తర్వాత అల్‌స్టర్ కథల్లో గొప్ప వీరుడయ్యేవాడు, అది విని, నేరుగా రాజు దగ్గరికెళ్లి ఆయుధాలడిగాడు. కాథ్‌బద్ ఏ మంత్రమూ వేయలేదు, తిథి చెప్పాడంతే. ఒక పిల్లవాడి జీవితం దారి తిరిగిపోయింది.

మరొకటి ‘గేష్’ అనే కట్టు. ఇది శాపం లాంటిదే గాని శాపం కాదు, చేసిన తప్పుకు శిక్ష కాదు. మనిషితో పాటు ఉండే షరతు. కూ హులిన్ కుక్క మాంసం తినకూడదు, ఎందుకంటే అతని పేరులోనే కుక్క ఉంది. పొయ్యి దగ్గర వంట చేస్తున్నవాళ్లు పిలిస్తే తినకుండా పోకూడదు. ఒకరోజు దారి పక్కన ముసలమ్మలు కుక్క మాంసం వండుతూ రమ్మని పిలిచారు. ఏది చేసినా ఒక కట్టు తెగుతుంది. కర్ణుడి కథ విని పెరిగినవాళ్లం మనం, ఈ ఉరి ఎలా బిగుస్తుందో మనకు చెప్పనక్కరలేదు.

మంత్రానికి హద్దు ఎలా పెట్టాలో కూడా అక్కడే దొరుకుతుంది. ఏడో శతాబ్దం చివర ముయిర్హూ అనే సన్యాసి, ఐర్లండ్‌లో క్రైస్తవం ప్రచారం చేసిన సెయింట్ పాట్రిక్ గురించి రాసిన చరిత్రలో ఒక డ్రూయిడ్ మైదానమంతా నడుము లోతు మంచు కురిపిస్తాడు. సరే, ఇప్పుడు తీసెయ్ అంటాడు పాట్రిక్. రేపు ఈ వేళ దాకా నా వల్ల కాదంటాడు డ్రూయిడ్. రాసినవాడి ఉద్దేశం డ్రూయిడ్‌ను ఓడించడం. మీరు మాత్రం ఆ హద్దును తీసుకోండి: పిలవగలడు, పంపలేడు.

ఇక మీ స్నేహితుడి మాట. నరబలి ఉందా? ఉందని సీజర్, ఇంకా అనేకమంది రాశారు. కొమ్మలతో అల్లిన పెద్ద బొమ్మల్లో మనుషుల్ని నింపి కాల్చేవాళ్లని కూడా సీజర్ రాశాడు. ఆ బొమ్మకు నేలలో ఆనవాలు ఏదీ దొరకలేదు. రాసినవాళ్లు ఆ దేశాన్ని జయిస్తున్నవాళ్లు, ఎదుటివాడు క్రూరుడని చూపిస్తే వాళ్లకు లాభం. ఇదే రోమ్ నగరంలో క్రీ.పూ. 216లో ఒక గాల్ జంటను, ఒక గ్రీకు జంటను బతికుండగానే పూడ్చిపెట్టారు. నరబలిని చట్టంతో నిషేధించింది క్రీ.పూ. 97లో. అంటే సీజర్ అప్పటికి చిన్నపిల్లవాడు. అలాగని కెల్టులు ఏ పాపం ఎరగరనీ చెప్పలేం. మా ఇంటికి దగ్గర్లోనే లిండో మాస్ అనే బురదనేల ఉంది. 1984లో అక్కడ పీట్ (బురదలో మొక్కలు కుళ్లి పేరుకున్న మట్టి) తవ్వుతున్నవాళ్లకు ఒక యువకుడి శవం దొరికింది. దాదాపు రెండు వేల ఏళ్లనాటిది, చర్మం కూడా చెడలేదు. తలమీద దెబ్బలు, మెడకు బిగించిన తాడు, గొంతు మీద గాయం. కడుపులో కొద్దిగా మిసిల్‌టో పుప్పొడి. దీన్ని చూసి డ్రూయిడ్ల బలి అన్నవాళ్లున్నారు, కాదన్నవాళ్లూ ఉన్నారు. ఆ పుప్పొడి గాలికి వచ్చి పడినదైనా కావచ్చు. ఇప్పుడు అతను బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాడు. నేను చూశాను, ముఖం నిద్రపోతున్నట్టుంది. ఆ ముందు నిలబడితే బలి అన్న మాటను ఎవరూ తేలిగ్గా రాయలేరు.

కాబట్టి సీన్ పెట్టండి, కానీ ఒళ్లు గగుర్పొడవడానికి మాత్రం పెట్టకండి. ఆ పని చేసే మనిషి దాన్ని ఏమని నమ్మాడో ముందు చెప్పండి. ఆత్మ చావదని, ఒకరి నుంచి ఇంకొకరికి పోతుందని డ్రూయిడ్లు బోధించేవాళ్లని సీజర్ రాశాడు. అప్పును వచ్చే లోకంలో తీరుస్తానంటే గాల్ జనం ఒప్పుకుని ఇచ్చేవాళ్లని వలేరియస్ మాక్సిమస్ అనే రోమన్ రాశాడు. చావు తర్వాత వసూలు చేసుకోగలమని అంత నమ్మకం ఉన్న మనిషి చావును ఎలా చూస్తాడు? అక్కడి నుంచి మొదలుపెట్టండి.

వైద్యం సంగతి కూడా చెప్పాలి. 1996లో ఇంగ్లండ్‌లో కోల్చెస్టర్ పక్కన స్టాన్‌వే దగ్గర క్రీ.శ. 40 నుంచి 60 మధ్య నాటి సమాధి ఒకటి దొరికింది. అందులో శస్త్రచికిత్స పరికరాలు, శకునానికి వాడినవనుకునే లోహపు కడ్డీలు, గాజు పావులు పేర్చి ఉన్న ఆట పలక, ఒక వడపోత గిన్నె. ఆ గిన్నెలో మాచిపత్రి జాతి మొక్క ఆనవాళ్లున్నాయి. వినాయకచవితి పత్రిలో మనం వాడే మాచిపత్రి చుట్టమే అది. అతను డ్రూయిడా అన్నది తేలలేదు. మీ పాత్ర సంచిలో ఏముండాలో మాత్రం తేలిపోయింది.

ఇంగ్లండ్‌లోని పాత రాతి వలయం స్టోన్‌హెంజ్ గురించి ఒక్క మాట. దాన్ని డ్రూయిడ్లు కట్టలేదు. వాళ్ల పేరు మొదటిసారి వినబడడానికి రెండు వేల ఏళ్లకు పైగా ముందే ఆ రాళ్లు నిలబడ్డాయి. ఆ ముడి వేసింది 17వ శతాబ్దంలో జాన్ ఆబ్రీ, 1740లో విలియం స్టూక్లీ అనే ఇంగ్లిష్ పరిశోధకులు. ఆ పేరు పెట్టుకున్న ఈనాటి డ్రూయిడ్లు అక్కడ పండుగ చేసుకోవడం వేరే సంగతి, అది వాళ్ల భక్తి, దాన్ని గౌరవించాలి. కథలో కూడా ఎగతాళి చేయకండి.

ఋషిని పెడితే చాలదా అన్నారు. చాలదు. ఋషి ఊరు వదిలి తపస్సుకు పోతాడు, అతని బలం తపశ్శక్తి. డ్రూయిడ్ ఊరి నడుమ, సభ నడుమ ఉంటాడు. పెళ్లాం పిల్లలు, అన్నదమ్ములు, ఆస్తి ఉన్నవాడు. అతని బలం వల్లె వేసిన చదువు, జనం ఆ చదువుకిచ్చిన విలువ. మన కథల్లో దగ్గరివాడు ఎవరంటే దశరథుడి కొలువులోని వసిష్ఠుడిలాంటి పురోహితుడు. దానికి తగవరి పనిని, పంచాంగం చెప్పే పనిని కలపండి. పంచాంగం అని ఊరికే అనలేదు. ఫ్రాన్స్‌లో కొలిన్యీ అనే ఊళ్లో 1897లో ఒక కంచు పలక ముక్కలు ముక్కలుగా దొరికింది. గాల్ భాషలో రాసిన పంచాంగం అది. ఐదేళ్లకు 62 నెలలు, అంటే రెండు అధికమాసాలు. మన వేదాంగ జ్యోతిషంలోని ఐదేళ్ల యుగానికీ 62 నెలలే. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారని కాదు; చంద్రుణ్ణి, సూర్యుణ్ణి కలిపి లెక్కపెట్టేవాళ్లు ఎవరైనా దాదాపు అక్కడికే చేరతారు. ఆ పలక ఇప్పుడు లియోన్‌లో ఉంది.

చివరిగా ఆంగిల్సీ. వేల్స్‌కు వాయవ్యంగా ఉన్న ద్వీపం, రోమన్లు మోనా అనేవాళ్లు. క్రీ.శ. 60 లేదా 61లో రోమన్ సైన్యం అక్కడికి దిగింది. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసిన ప్రకారం ఒడ్డున నల్లబట్టల్లో జుట్టు విరబోసుకున్న ఆడవాళ్లు కాగడాలతో పరుగులు తీస్తున్నారు, డ్రూయిడ్లు ఆకాశానికి చేతులెత్తి శపిస్తున్నారు. సైనికులు కాళ్లు చేతులు ఆడక నిలబడిపోయారు, దెబ్బలు తగులుతున్నా కదల్లేదు. ఆ కాసేపు శాపం పనిచేసింది. తర్వాత సేనాపతి కేకలతో తేరుకుని అందరినీ నరికారు, పవిత్రవనాలను కొట్టేశారు. 1942లో అదే ద్వీపంలో యుద్ధవిమానాల స్థావరం కట్టడానికి పీట్ తవ్వుతుంటే లిన్ కెరిగ్ బాహ్ అనే చిన్న చెరువు దగ్గర ఒక ఇనుప గొలుసు తగిలింది. దేనిదో తెలియక దానితో బురదలో కూరుకుపోయిన లారీలను లాగారు. గొలుసు తెగలేదు. తర్వాత తెలిసింది, అది ఐదుగురి మెడలకు వేసే బానిస గొలుసని, రెండు వేల ఏళ్ల క్రితం దేవతలకు నీళ్లలో వదిలినదని. దాంతోపాటు కత్తులు, ఈటెలు, రథాల భాగాలు కూడా దొరికాయి. నేను వెళ్లినరోజు ఆ చెరువు చుట్టూ రెల్లు ఊగుతోంది, పైన శిక్షణ విమానాలు తిరుగుతున్నాయి. డ్రూయిడ్లున్న సమాజంలో బానిసలూ ఉన్నారని ఆ గొలుసు చెబుతోంది. మీ డ్రూయిడ్ ఆ గొలుసు గురించి ఏమనుకున్నాడో మీరు తేల్చుకోవాలి, ఆ ప్రశ్న వదిలేస్తే పాత్ర బొమ్మలా ఉండిపోతుంది.

నేనైతే ఎలుగుబంటిని మూడో అధ్యాయం దాకా రానివ్వను. ఇలా మొదలుపెడతాను. రెండు కుటుంబాలు పొలం గట్టు కోసం కత్తులు దూసి నిలబడ్డాయి. గట్టు ఎక్కడో చెప్పే పద్యం ఉంది. అది ఇరవయ్యో ఏడు చదువులో వస్తుంది. నిన్న రాత్రి గురువు చనిపోయాడు. శిష్యుడికి పంతొమ్మిదేళ్ల చదువే పూర్తయింది. ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు. రెండు పక్షాలవాళ్లూ కత్తులు దించి, అతని నోటివైపు చూస్తున్నారు.